చిన్నది అన్నం ముట్టదు

ఆ శనివారం పొద్దున వీరేశం వేసుకున్న పథకంలో వంకరేమీ లేదు. తాండూరులో ప్యాసింజరు ఎక్కాలి, వికారాబాదులో దిగాలి, ఆడపిల్లల బడిలో లాంప్రే అనే జీవి గురించి అరగంట మాట్లాడాలి, ఆ అరగంటా వసంతను చూడాలి.

అతను తాండూరు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. ఆమె ఆ బడిలో సైన్సు టీచరు. ఏడేళ్ల కిందట ఇద్దరికీ సంబంధం మాట వచ్చింది. వసంత నాయనమ్మ నాగవ్వ మాత్రం వాళ్లది వేరే తెగ అన్నది. కులం ఒకటే, కొలిచే దేవుడొకడే, తెగ వేరట. మాట అక్కడితో ఆగింది. ఆగింది మాటే. అతను మరో పిల్లను చూడలేదు, ఆమె వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో వంక పెట్టింది. రైలు కూసినప్పుడల్లా ఒకరు వికారాబాదు వైపు, ఒకరు తాండూరు వైపు చూడడంతోనే ఏడేళ్లూ గడిచాయి. సైన్సు వారోత్సవానికి ఎవరిని పిలుద్దామని హెడ్ మిస్ట్రెస్ అడిగితే, వసంతకు తోచిన పేరు ఒక్కటే.

లాంప్రేను ఎంచుకోవడంలో వీరేశం లెక్క వీరేశానికుంది. పాములా పొడుగ్గా ఉండి, దవడలు లేని జలచరమది. చల్లని దేశాల నీళ్లలో ఉంటుంది. దానిలో జంట జాతులున్నాయి. పిల్లలుగా బురదలో ఉన్నన్నాళ్లు ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. పెరిగాక పెద్దది బయటి నీళ్లకు పోయి, వేరే చేపల్ని పట్టుకుని రక్తం తాగుతుంది. చిన్నది పుట్టిన వాగు విడవదు, తిండి మానేస్తుంది, జతకట్టి చచ్చిపోతుంది. బతుకులు ఇంత వేరైనా, క్రోమోజోములు చూసినా, రక్తంలోని ప్రొటీన్లు పోల్చినా తేడా చేతికి చిక్కడం లేదు. తెగల తేడా ఏపాటిదో వసంత ముందు చెప్పడానికి అతనికి ఇంతకన్నా మర్యాదైన దారి దొరకలేదు.

రైల్లో కిటికీ పక్కన కళ్లు మూసుకుని పాఠం పైకే వల్లె వేయసాగాడు. బడిపిల్లలకు అర్థమయ్యేట్టు కాస్త ఇంటి మాటల్లో పెట్టుకున్నాడు. పెద్దది పట్టుకున్నవాళ్ల రక్తం తాగుతుంది. చిన్నది అన్నం ముట్టదు. దాని పేగు ఎండిపోతుంది. ఎక్కువ రోజులు బతకదు.

ఎదుటి బల్ల మీద తమలపాకుల అంజిలయ్య కూర్చున్నాడు. వసంత వాళ్లింటికి ఆకులిచ్చేది అతనే. ఏడేళ్ల కిందటి సంబంధం సంగతి అతనికి తెలుసు. వసంత తండ్రి చంద్రప్పకు ఇద్దరు బిడ్డలనీ, పరిగిలో ఇచ్చిన పెద్దది పుట్టింటికి వస్తే ఉత్త చేతులతో పోదనీ తెలుసు. తెలుగులో ఆడపిల్ల తాగినా తాగుతుందే, చేప తాగినా తాగుతుందే. ఇక అంజిలయ్యకు అనుమానం ఎందుకొస్తుంది?

"చిన్నది గట్లెందుకు జేస్తుంది సారూ?"

వీరేశం కళ్లు తెరవలేదు. "తోడు కోసం, అంజిలయ్యా. తిండి లేకుండనే ఎదురుచూస్తది."

బండి ఆగీ ఆగకముందే అంజిలయ్య దిగి చంద్రప్ప ఇంటికి పరుగెత్తి, విన్నది విన్నట్టు చెప్పాడు. ఆ పొద్దున వసంత సంతోషం కొద్దీ ఏమీ తినకుండానే బడికి పోయింది. నాగవ్వ కంచం ఎత్తి చూస్తే, మూత వేసిన జొన్నరొట్టెలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. జొన్నల సంచి మూతి కడుతున్న పెద్దబిడ్డ సుగుణ, తన గురించి సారు ఏమన్నాడో విని, సంచి మీదే కూలబడి ఏడ్చింది. చంద్రప్ప కాళ్లకు దొరికిన చెప్పులు తొడుక్కుని ఫరీద్ రిక్షాను పిలిచాడు. ముగ్గురూ ఎక్కారు. ఎందుకింత తొందరని ఫరీద్ అడిగితే, మా వసంతకు బాగలేదన్నాడు. ఫరీద్ ఆ మాటను దారిన పోయేవాళ్లకు మొదటి మలుపులో పడిపోయిందనీ, రెండో మలుపులో స్పృహ లేదనీ మార్చి చెప్పాడు. బడి చేరేసరికి రిక్షా వెనక సగం బజారు, గ్లూకోజు సీసాతో ఒక కంపౌండరు ఉన్నారు.

లోపల వీరేశం పాఠంలో చిన్నదాని దగ్గరికి వచ్చాడు. వెనక గోడ పక్కన నిలబడ్డ మనిషిని తప్ప ఎవరినీ చూడకుండా, పుట్టినచోటే ఉండిపోయి ఆకలి మరిచిపోయిన జీవి సంగతి చెబుతున్నాడు. మజ్జిగ చెంబుతో నాగవ్వ గుమ్మంలోకి వచ్చింది.

"ఎన్నాళ్ల సంది తింటలేదు సారూ?"

నాగవ్వను ఎన్నడూ చూడని వీరేశం, పల్లెటూరి ముసలమ్మ ఎంత మంచి ప్రశ్న అడిగిందని మురిసిపోయాడు. "ఎదిగిన కాంచి ముట్టదు అవ్వా. ఆర్నెల్లు బతికితే ఎక్కువ."

చంద్రప్ప గుమ్మం పట్టుకుని, రక్తం పరీక్ష చేశారా అని అడిగాడు.

"చేసిన్రు. రెండింటి రక్తంల తేడా ఏం దొరకలే. వేరే జాతి అనుడే తప్పేమో అంటున్రు."

నాగవ్వ ముందు బల్ల మీద పిల్లల్ని జరిపి కూర్చుంది. "రెండు తెగల రక్తం గంత దూరం పరీక్ష జేసి సూసిన్రా," అన్నది తనలో తాను.

అప్పుడు వీరేశానికి గ్లూకోజు సీసా కనిపించింది. ఆ వెనక ఏడుస్తున్న సుగుణ కనిపించింది. విషయం తలకెక్కింది. "అవ్వా, నేను జెప్పేది ఆడపిల్ల సంగతి కాదు, అది చే..."

వసంత గోడ వదిలి ముందుకు వచ్చింది. ఇంతకుముందే హెడ్ మిస్ట్రెస్ టిఫిను డబ్బాలో ఉప్మా సగానికి పైగా తిన్న మనిషి. ఒకసారి అతని వైపు చూసి నాయనమ్మ ముందు కూర్చుంది.

"సారు చెప్పింది నిజమే నాయినమ్మా. బువ్వ సయిస్తలేదు. మస్తు రోజులాయె."

బువ్వ మాట అబద్ధమే గాని, రోజుల మాట అబద్ధం కాదు.

నాగవ్వ మనవరాలి తల నిమిరి, చెంబు ఆమె నోటికి అందించింది. "చంద్రప్పా, నిలబడి ఏం సూస్తున్నవ్. ముహూర్తం అడిగిరాపో."

వీరేశం ఇంకోసారి నోరు తెరిచాడు. అబద్ధం మీద పాఠం ముగించిన అలవాటు అతనికి లేదు.

"సారూ," అన్నది వసంత మెల్లగా, మజ్జిగ మూతి తుడుచుకుంటూ. "పాఠం అయిపోయింది గదా."

"అయిపోయింది," అన్నాడు.

ఆ రోజు శాస్త్రానికి జరిగిన నష్టాన్ని పూడ్చే ప్రయత్నమేదీ వీరేశం ఇంతవరకు చేయలేదు.