మోడరేటర్ గారి తెల్ల దుప్పటి

నాలుగు రోజుల ముసురు తర్వాత ఆ శనివారం ఉదయం ఎండ కాసింది. నీబియా దుప్పట్లు ఉతకడానికి పూనుకుంది. ఆమె భర్త ఒరోస్మాన్ థర్మాస్ చంకన పెట్టుకుని, మాతే అనే ఆకు తేనీటి బుర్ర చేత్తో పట్టుకుని బాల్కనీలో చేరాడు. ఆ రోజుకు ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. ఊరు నోరు మూసుకుని ఉందో లేదో చూడటం.

మర్నాడే ఎన్నికలు. ఉరుగ్వేలో పోలింగుకు రెండు రోజుల ముందు నుంచి ప్రచారం బంద్. ఉపన్యాసాలు ఉండవు, జెండాలు ఉండవు. ప్రభుత్వం వీధుల్లో ఈ మౌనాన్ని ఎంతవరకు అమలు చేస్తుందో గానీ, ఒరోస్మాన్ మాత్రం తన ఆన్‌లైన్ చర్చా వేదికలో అక్షరం పొల్లుపోకుండా అమలు చేసేవాడు. వేదిక పేరు 'మన ప్లాజా'. సభ్యులు మూడు వేల పైచిలుకు, అంటే పసిపిల్లలు తప్ప ఊరంతా. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఆరేళ్ళుగా పైసా జీతం లేకుండా దానికి ఆయనే మోడరేటర్. ఆరేళ్ళలో తన వేదిక మీద ఒక్క బూతు మాట నిలిచింది లేదని, తాను ఏ పార్టీకి ఓటేస్తాడో కన్నతల్లికి కూడా తెలియదని ఆయనకు మహా గర్వం. ఆ మాటను రేడియోలో రెండుసార్లు చెప్పాడు, మంగలి దుకాణంలో లెక్కలేనన్నిసార్లు చెప్పాడు.

వేదిక నియమాలు ఆయన రాసినవే. వాటిలో ఏడోది: మౌనం రోజుల్లో పార్టీ రంగు చూపినవారికి మూడు రోజుల బహిష్కరణ. తెల్లపార్టీది తెల్ల జెండా, ఎర్రపార్టీది ఎర్ర జెండా, ఫ్రంటుది ఎరుపు, నీలం, తెలుపు పట్టీల జెండా. కిందటి ఎన్నికల్లో మిర్తా టీచరు కిటికీకి మూడు రంగుల కర్టెన్ వేసుకుంటే, అది కర్టెనేనని ఆవిడ మొత్తుకున్నా వినకుండా మూడు రోజులు బయట నిలబెట్టాడు.

తొమ్మిదిన్నరకు ఫోను కుయ్యిమంది. బేకరీ ఎల్బియో ఫోటో పెట్టాడు. ఎల్బియో పుట్టుకతోనే ఎర్రపార్టీ. ఫోటోలో ఒరోస్మాన్ బాల్కనీ, దాని నిండా తెల్లగా రెపరెపలాడుతున్న దుప్పటి. కింద ఒక్క ముక్క: "ఇదేంటి మోడరేటర్ గారూ?"

"అది దుప్పటి" అని జవాబిచ్చాడు ఒరోస్మాన్.

"మిర్తా గారిది కూడా కర్టెనే" అన్నాడు ఎల్బియో.

ఒరోస్మాన్‌ది ఆరేళ్ళ పేరు. ఒక్క దుప్పటితో పోతుందంటే ప్రాణం ఒప్పలేదు. లోపలికి పరుగెత్తి, చలికాలం కప్పుకునే ఎర్ర కంబళి తెచ్చి అదే తాడు మీద ఆరేశాడు.

"పొడి కంబళిని ఆరేస్తున్నావేంటయ్యా?" అంది నీబియా.

"న్యాయం కోసం."

"న్యాయానికి చిమటలు కొట్టాయి. దులిపి వెయ్యి."

ఆ న్యాయం పావుగంట కూడా నిలవలేదు. పశువుల డాక్టరు దార్దో తెల్లపార్టీ మనిషి. బాల్కనీ ఎదురుగా ఉన్న ఊరి కూడలి మధ్యలో నిలబడి, ఊరంతా వినేలా అరిచాడు. "పెద్దాయనా! బయటపడ్డావయ్యా! నువ్వు ఫ్రంటు మనిషివని నాకెప్పుడో అనుమానం!"

ఒరోస్మాన్ తల తిప్పి చూశాడు. తెల్ల దుప్పటి, ఎర్ర కంబళి, ఆ రెండింటి మధ్య పొద్దుటి నుంచీ వేలాడుతున్న తన పాత పోస్టాఫీసు నీలం ప్యాంటు. ఫ్రంటు జెండాను దర్జీకి కొలతలిచ్చి కుట్టించినా అంత బాగా కుదరదు. గబుక్కున ప్యాంటు లాగేశాడు.

వెంటనే మిర్తా టీచరు వేదిక మీదికి వచ్చింది. "తెలుపు ఉంచారు, ఎరుపు ఉంచారు. నీలం ఒక్కటే తీశారు. మా ఫ్రంటంటే మీకంత మంటా అండీ?"

ఒరోస్మాన్ మండిపోయి తాడు మొత్తం ఖాళీ చేశాడు. అప్పుడు ముగ్గురూ ఒకే మాట అన్నారు: సాక్ష్యాలు మాయం చేస్తున్నాడు! పన్నెండయ్యేసరికి మూడు వందల నలభై వ్యాఖ్యలు. ఆయన తాత ఎటు ఓటేశాడో కూడా తవ్వి తీశారు.

ఒరోస్మాన్ లేచి నిలబడ్డాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "తెలిసో తెలియకో ఏడో నియమం మీరాను. ఈ వేదిక మీద చట్టానికి చుట్టరికం లేదు" అని రాసి, తనను తానే మూడు రోజులు బహిష్కరించుకున్నాడు. బాధతో పాటు గర్వం కూడా కలిగింది. ఇంత నిక్కచ్చి మోడరేటర్ ఈ దేశంలో ఇంకొకడు ఉండడని అనుకుంటూ, రోజూలాగే మధ్యాహ్నపు కునుక్కి ఒరిగాడు.

నాలుగింటికి తలుపు దబదబా మోగింది. ఎల్బియో, దార్దో, మిర్తా. ముగ్గురూ ఒకే గుమ్మంలో నిలబడటం ఊళ్ళో ఎవరూ ఎరగని వింత.

"ఏవోయ్, తమాషాకి ఫోటో పెట్టాను. నువ్వు నిజంగానే పోతావనుకున్నానా? తిరిగి రా" అన్నాడు ఎల్బియో.

"కావలివాడు లేకపోతే రేపు ఫలితాల వేళ కొట్టుకు చస్తాం" అన్నాడు దార్దో.

ఒరోస్మాన్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఈపాటికి లోపల బూతుపురాణం మొదలై ఉంటుందే?"

మిర్తా ఫోను చూసి బుర్ర గోక్కుంది. "లేదండీ. ఒక్కటంటే ఒక్కటి లేదు. అదే చిత్రంగా ఉంది."

పెరిగిన ఛాతీ అంతే వేగంగా తగ్గింది. తాను లేకపోయినా వేదిక చక్కగానే ఉందన్నమాట! అప్పుడే వంటింట్లో ఫోను కుయ్యిమంది. నీబియా పిండి చేతిని ఆప్రాన్‌కు తుడుచుకుని, వేలితో ఏదో నొక్కి, మళ్ళీ పిండి కలపసాగింది.

"ఏం చేశావు?" అన్నాడు ఒరోస్మాన్.

"మందులషాపు వాడు దార్దో గారిని గాడిద వైద్యుడన్నాడు. తీసేశా."

"నీకెలా కుదిరింది?"

"నీ కంటి ఆపరేషనప్పుడు వేదిక పాస్‌వర్డు నాకిచ్చావుగా. ఆరేళ్ళయింది. తిరిగి అడిగావా?" నీబియా పిండి ముద్దను తిప్పి వేసింది. "ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా నువ్వు గుర్రు పెడతావు. ఊళ్ళో నోళ్ళన్నీ సరిగ్గా అప్పుడే లేస్తాయి. రోజుకు పాతిక తీస్తా, ఎన్నికలప్పుడైతే డెబ్భై."

ఎల్బియో గొంతు సవరించుకున్నాడు. "అయితే మొన్న మంగళవారం నేను దార్దో మీద రాసింది మాయమైతే... మధ్యాహ్నం పూట నెట్ పనిచేయదనుకున్నానే!"

"నేనూ అలాగే అనుకున్నా" అన్నాడు దార్దో, చూపు నేల మీదికి దించి.

మిర్తా మొహం ఎర్రబడింది. "మధ్యాహ్నం నెట్ బాగుచేయించమని నేను రెండు వందల సంతకాలతో మున్సిపాలిటీకి అర్జీ పెట్టాను."

ఒరోస్మాన్ కుర్చీలో కూలబడ్డాడు. రేడియోలో చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. సిగ్గేసింది. ఆ సిగ్గు ఎంతోసేపు ఉండలేదు. ఆరేళ్ళుగా ఊరి మర్యాదను పిండి చేతులతో కాపాడి, ఒక్కరికీ చెప్పుకోని మనిషిని చూస్తుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

"చూశారా?" అన్నాడు ముగ్గురి వైపు తిరిగి, తానే గెలిచినంత ధీమాగా. "మా ఆవిడ! ఏ పార్టీయో నాకే తెలీదు!"

"సరేనమ్మా, ఆయన శిక్ష ఎత్తేసెయ్" అన్నాడు ఎల్బియో.

"కుదరదు" అంది నీబియా. "మిర్తాకి ఎత్తేశాడా? మంగళవారం పన్నెండింటికి."

మంగళవారం పన్నెండు గంటల ఒక నిమిషానికి ఒరోస్మాన్ వేదిక మీదికి తిరిగి వచ్చి, ఈ ఊరి పరువు నిలబెట్టింది తన భార్యేనని మూడు రోజులుగా కూర్చుకున్న నలభై వాక్యాల ప్రశంస పెట్టాడు.

పన్నెండూ మూడుకల్లా నీబియా దాన్ని తీసేసింది. కారణం: చర్చకు సంబంధం లేదు.