మొదటాయన మూడోవాడైన పూట

పునాదమ్మ ఆ ఉదయం వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికి ఆఫీసుకు వెళ్లి ఒక్క మార్పు లోపలికి పంపడం. పన్నెండులోపు బల్ల ఖాళీ చేసి సామాను సర్దుకోవడం. ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి, తలుపేసుకుని, తీరిగ్గా ఏడవడం. మూడో పని కోసం రెండు చేతిరుమాళ్లు ఇస్త్రీ చేసి కూడా పెట్టుకుంది.

"ఫ్యాను వచ్చిన అట్టపెట్టె చాలుతుందా? ఇరవై నాలుగేళ్ల ఉద్యోగం. కాస్త పెద్దది పట్టుకెళ్లు," అన్నాడు భర్త వీధి తలుపు దగ్గర నిలబడి.

"నా పనంతా కంప్యూటర్లో ఉందండీ. పెట్టెలోకి వచ్చేది ఒక గ్లాసూ, ఒక శాలువానూ."

"మరి పెట్టెందుకు?"

"ఖాళీ చేతుల్తో వస్తే బాగుండదని."

ఆమె కంపెనీ కంప్యూటర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తుంది. దానికి అట్టడుగున సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన లైబ్రరీ ఒకటుంటుంది. పేర్లు వరుసలో పెట్టాలన్నా, తారీకు చెప్పాలన్నా, రెండు మాటలు ఒకటేనా అని పోల్చాలన్నా పైనున్న ప్రతి ప్రోగ్రామూ దాని దగ్గరకే చేయి చాచాలి. అందులో తప్పులు వెతికి బాగుచేయడం ఆమె పని. ఎప్పుడో మీటింగులో "మాది పునాది పనండీ" అన్న పాపానికి పునాదమ్మ అన్న పేరు అతుక్కుపోయింది. పేరుకు తగ్గట్టు గది కూడా నేల కిందే ఇచ్చారు. అది ఎంత లోతంటే, లిఫ్టు ఎక్కి దిగేలోపు ఆమె దినపత్రిక చివరి పేజీ దాకా చదివి గళ్లనుడికట్టు కూడా నింపేసేదట!

ఆ విభాగంలో ఉన్నది ఇద్దరే. రెండో మనిషి కామాగారు. ఆమె రాసినది ఆయన తనిఖీ చేయాలి, ఆయన రాసినది ఆమె. ఇద్దరి ఆమోదమూ లేనిదే ఒక్క అక్షరం కదలదు. కామాగారు భార్య రాసిన కూరగాయల చీటీని కూడా మూడుసార్లు తిప్పి పంపి, నాలుగోసారికి సంచీ పుచ్చుకునే రకం.

కంపెనీకి డైరెక్టర్లు ముగ్గురు. ఒకే రోజు, ఒకే హోదాలో చేరినవాళ్లు. అయినా జాబితాలో ఎవరి పేరు ఎక్కడ వస్తుందో దాన్నిబట్టి వాళ్లు మొదటాయన, నడిమాయన, చివరాయన అయిపోయారు. ఇరవై రెండేళ్లుగా పెద్ద గదీ, నీడపట్టున కారూ, ఫైళ్ల మీద సంతకమూ అన్నీ మొదటాయనవే. చివరాయన సంతకం పుట్టినరోజు కార్డుల మీద తప్ప ఇంకెక్కడా ఎవరూ అడిగేవారు కాదు.

ఈ మొదటాయనకు కిందటి వారం హఠాత్తుగా నేలమాళిగ గుర్తొచ్చింది. "ఏళ్లతరబడి ఆ గదిలో ఏమీ జరగడం లేదు. ఒక్క గొడవా లేదు. ఎందుకది?" అన్నాడు.

"ఏమీ జరగకుండా చూడటమే మా పని సార్," అంది పునాదమ్మ.

ఆ జవాబు ఆయనకు రుచించలేదు. మూసివేత ఉత్తర్వు తయారుచేయించి బల్లమీద పెట్టుకున్నాడు. ఈరోజు పన్నెండింటికి సంతకం. ఆ తరువాత పునాదమ్మ ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోవాలి. కామాగారినైతే ఆ పొద్దున్నే గోదాములోకి పంపి, పాత కుర్చీలకు నంబర్ల చీటీలు అంటించమన్నారు.

పోయేముందు ఆమె తీర్చుకోవాలనుకున్న కోరిక ఒక్కటే. పేర్లను వరుసలో పెట్టే పద్ధతిలో పదిహేడేళ్ల నాటి బగ్ ఒకటి ఉంది. పేకముక్కలు సర్దాలంటే పరచుకోవడానికి పక్కన ఇంకో బల్ల కావాలన్నట్టు, ఆ పద్ధతికి మెమరీలో అదనపు చోటు కావాలి. చోటు దొరకకపోతే ప్రోగ్రాము అక్కడికక్కడే కూలబడుతుంది. ఆమె దాన్ని తీసేసి, ఉన్న బల్లమీదే ముక్కలను అటూ ఇటూ మార్చి సర్దే కొత్త పద్ధతి రాసింది. ముందురోజే కామాగారి ఆమోదం దొరికింది. తొమ్మిదింటికి మీట నొక్కి, "హమ్మయ్య," అనుకుంది.

ఏ మార్పయినా ముందు కంపెనీ భవనంలోని యంత్రాలమీదే నడిపి చూడాలని అక్కడి నియమం. తొమ్మిదిన్నరకు మొదటాయన కారు వచ్చింది. గేటు దగ్గరి తెర జాబితా చూసుకుని, కారును చెత్తడబ్బాల పక్కన మూడో చోటుకు పొమ్మంది. నీడపట్టున చివరాయన పాత కారు కులాసాగా నిలబడి ఉంది. మొదటాయన ముక్కు మూసుకుని హాల్లోకి వస్తే, గోడమీది పెద్ద తెరలో ఆయన పేరు మూడోది. టీ బండి చివరాయన గది ముందు ఆగింది. అది జాబితా చూసి నడిచే బండి మరి. మొదటాయన దగ్గరకొచ్చేసరికి టీ చల్లారింది, బిస్కట్ల పళ్లెంలో పొడి మిగిలింది.

"తీసేశారన్నమాట," అనుకున్నాడు మొదటాయన. ఆ మాట ఆయన పైకి అనకపోయినా పది నిమిషాల్లో నాలుగు అంతస్తులకూ పాకింది. మొదటి అంతస్తులో "పక్కకు తప్పించారట," అన్నది నాలుగో అంతస్తుకు చేరేసరికి "పారిపోతుంటే పట్టుకున్నారట," అయింది.

చివరాయన తన పేరు పైన చూసుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు. భార్యకు ఫోన్ చేశాడు. "ఏమేవ్, అయిందే! నేను చెప్పలా, ఎప్పటికైనా అవుతుందని?" జనం పూలగుత్తులతో పెద్ద గదిలోకి తోసుకొచ్చి ఆయన్ను పెద్ద కుర్చీలో కూర్చోబెట్టేశారు. కుర్చీ మెత్తగా ఉంది. ఎదుట ఫైళ్లున్నాయి. ఆయన పెన్ను మూత తీశాడు.

పేరు నడుమే ఉండిపోయిన నడిమాయనకు మాత్రం ఏమీ తెలియలేదు.

పదకొండింటికి పునాదమ్మ పెట్టె పట్టుకుని పైకొచ్చింది. హాల్లో తెర చూసి టక్కున ఆగిపోయింది. జాబితా హోదానూ, చేరిన తేదీనీ చూసి వరుస కడుతుంది. ముగ్గురిదీ ఒకే హోదా, ఒకే తేదీ, పేర్లు తలకిందులు. కొత్త పద్ధతి సమానమైనవాటిని ఎలా పడితే అలా మారుస్తుంది. పాతది వచ్చిన వరుసలోనే ఉంచేది. ఆ వరుసకు హామీ లేదని మాన్యువల్లో మొదటినుంచీ రాసే ఉంది. చదివినవాళ్లు ఇద్దరు. ఒకరు తను, రెండోవారు కామాగారు.

నడవాలో మొదటాయన ఎదురయ్యాడు. చేతుల్లో మనవరాలి ఫోటో, రెండు కప్పులు, ఒక కుండీ మొక్క. "అమ్మా, ఆ పెట్టె ఇటివ్వు," అన్నాడు దీనంగా, ఇవ్వకముందే అన్నీ అందులో పడేస్తూ.

"సార్, మిమ్మల్నెవరూ తీసెయ్యలేదు. వరుస మారిందంతే. మార్చింది నేను."

"నువ్వా? ఆ కింద గదిలోంచా?"

"ఒకే హోదావాళ్లు ముగ్గురుంటే ఎవరు ముందన్నది పాత పద్ధతిలో ఒకలా, కొత్త పద్ధతిలో ఒకలా వస్తుంది సార్."

"అయితే ఇరవై రెండేళ్లుగా నన్ను ముందు పెట్టిందెవరు?"

"మీరు చేరిన రోజున ఎవరో మీ పేరు ముందు టైపు చేశారు సార్."

"అంటే... నా పెద్దరికం?"

"టైపిస్టు చలవ సార్."

మొదటాయన గోడకు ఆనుకున్నాడు. "మార్చెయ్. ఇప్పుడే మార్చెయ్."

"గంటలో మార్చొచ్చు. కానీ పన్నెండు దాటితే కంప్యూటర్లోకి నా తాళం పనిచేయదు, మీ ఏర్పాటే. పైగా రెండో ఆమోదం కావాలి. కామాగారిని కుర్చీల దగ్గరకు పంపిందీ తమరే."

ఇరవై రెండేళ్లుగా మెట్లు దిగని మనిషి గోదాముకు పరుగెత్తాడు. కామాగారి మోచెయ్యి పట్టుకుని, ఒంటిమీద అంటుకున్న నంబరు చీటీలతో సహా నేలమాళిగకు లాక్కొచ్చాడు. అప్పటికి పునాదమ్మ రాసేసింది: పక్క బల్ల దొరికితే పాత పద్ధతి, దొరక్కపోతే కూలబడకుండా కొత్త పద్ధతి. బగ్గూ పోతుంది, వరుసా నిలుస్తుంది. గడియారం పదకొండూ నలభై ఎనిమిది.

కామాగారు కళ్లజోడు మార్చుకుని నింపాదిగా చదవడం మొదలుపెట్టారు. "తల్లీ, ఇక్కడ ఒక ఖాళీ ఎక్కువైంది."

"కామాగారూ, టైము లేదండీ!"

"తప్పుకు టైముంటుందిగాని, దిద్దడానికి ఉండదా?"

"అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు మొదటాయన. "ఆ ఖాళీని నా లెక్కలో రాసుకోండి. ఆమోదించండి!"

"ఉండండి, ఇంకోటి." ఈసారి కామాగారి వేలు కదల్లేదు. "ఎడమది చిన్నదైతే ముందు పెట్టమన్నావు. మరి సమానమైతే?"

పునాదమ్మ వంగి చూసింది. 'చిన్నదైతే' అని ఉంది. 'చిన్నదైనా, సమానమైనా' అని ఉండాలి. తొందరలో ఒక్క సమాన గుర్తు వదిలేసింది. అలాగే పంపితే పేర్లు మళ్లీ తలకిందులే, అదీ శాశ్వతంగా. ఆమె ఆ గుర్తు పెట్టింది. కామాగారు ఆమోదించారు. పదకొండూ యాభై తొమ్మిదికి హాల్లో తెర ఒకసారి మిణుకుమని, మొదటాయన పేరు పైకెక్కింది.

ఆయన ఛాతీ విరుచుకుని పెద్ద గదిలోకి వెళ్లాడు, వెనకే ఈ ఇద్దరూ. చివరాయన అప్పుడే ఆఖరి ఫైలు మూస్తున్నాడు. రెండు గంటల్లో ఆయన, మొదటాయన 'తరువాత చూద్దాం' అని పక్కన పడేసిన ఫైళ్లన్నీ తీసి, మారు మాట లేకుండా మంజూరు చేసేశాడు. అందులో పునాది విభాగానికి మరో ముగ్గురు మనుషులు కావాలన్న పదిహేడేళ్ల నాటి అర్జీ ఉంది. కిటికీ ఉన్న గది కావాలన్న అర్జీ ఉంది. మూసివేత ఉత్తర్వు మీద మాత్రం, అది మొదటాయన రాసినది కనుక, చదవకుండానే 'అవసరం లేదు' అని అడ్డంగా గీశాడు.

"ఇవేవీ చెల్లవు!" అన్నాడు మొదటాయన.

"ఎందుకు చెల్లవోయ్? నేనూ డైరెక్టర్నే. మనం సమానులం కాదా?"

మొదటాయన నోరు తెరిచాడు. పునాదమ్మ వినయంగా ముందుకొచ్చింది. "ఎవరు ఎందుకు ముందున్నారో వివరంగా రాసి నోటీసు బోర్డులో పెట్టమంటారా సార్?"

తెరిచిన నోరు మూతపడింది. "అక్కర్లేదు. సమానులమే," అన్నాడు. కామాగారు ఆ సంతకాలను ఒక్కొక్కటీ తనిఖీ చేసి, జీవితంలో మొదటిసారి ఏ తప్పూ లేదన్నారు. అప్పుడే నడిమాయన తలుపులోంచి తొంగిచూసి, "ఇవాళేమైనా విశేషమా?" అని అడిగాడు.

ఒంటిగంటకు పునాదమ్మ ఖాళీ చేతులతో ఇల్లు చేరింది. చేతిరుమాళ్ల మడత నలగలేదు.

"పెట్టేదీ?" అన్నాడు భర్త.

"పెద్దాయనకు అవసరమైతే ఇచ్చేశానండీ."

మర్నాడు కిటికీ ఉన్న గదిలో, గాలికి కాగితాలు ఎగురుతుంటే, ఆమె పదిహేడేళ్ల నాటి బగ్‌ను పరిష్కరించినట్టు నమోదు చేసింది. చేసీ చేయగానే తెరమీద కొత్త ఫిర్యాదు ప్రత్యక్షమైంది. పంపింది చివరాయన: "నిన్న పన్నెండు దాకా సరిగ్గా పనిచేసిన జాబితా ఆ తరువాత పాడైపోయింది. వెంటనే బాగుచేయగలరు."

కామాగారు దాన్ని రెండుసార్లు చదివి, ఒక కామా తక్కువైందని రాసి తిప్పి పంపారు.