వరహాలు నవ్వు పదో అంతస్తులో ఉంది

మనుషుల జ్ఞాపకాలను మున్సిపాలిటీ స్వాధీనం చేసుకున్న మూడో ఏడు, గవర్రాజు చనిపోయిన తన భార్య వరహాలు నవ్వు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు.

ఏర్పాటు సజావుగానే నడుస్తోంది. కౌంటరు పక్కన ఒక్కో మనిషికి ఏడు అరల బీరువా ఇచ్చారు. తరచూ అడిగేవి అందులో ఉంటాయి. అడిగిన నిమిషంలో చేతికొస్తాయి. మిగతావన్నీ పన్నెండు అంతస్తుల నేలమాళిగలో. కిందనుంచి ఒకటి పైకొస్తే, బీరువాలో అడిగి ఎక్కువ కాలమైనది దిగిపోవాలి. దిగినదాని సంగతి ఎవరో ఒకరు గుర్తుచేస్తే తప్ప మనిషికి తట్టదు. ఎవరిమీదా కక్ష లేదు. చోటు లేదు, అంతే.

గవర్రాజు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఎనిమిది నెలలుగా రోజూ పదింటికల్లా వచ్చి ఒకటే చీటీ రాసేవాడు: ఆసుపత్రి, ఆఖరి ఉదయం. ఆ ఉదయం అతను ఫ్లాస్కు పట్టుకుని టీ కోసం కిందికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వరహాలు లేదు. తను గుమ్మం దాటుతుంటే ఆమె పిలిచిందా, లేదా? అది తేలాలి. బండి ఎందుకు ఆగిందో తెలియకుండా బానెట్ మూసే అలవాటు అతనికి లేదు. రోజూ చెవి రిక్కించేవాడు. రోజూ ఫ్యాను చప్పుడే వినబడేది.

ఒకటి అడిగితే దాని పక్కవాటిని కూడా తెచ్చిపెట్టడం ఆఫీసు పద్ధతి. ఆసుపత్రి వెంట వరండా, తల అడ్డంగా ఊపిన డాక్టరు, వ్యాను, శ్మశానం, పదకొండో రోజు, ఖాళీ మంచం. బీరువా నిండిపోయింది.

ఒకరోజు కూతురు ఫోనులో అంది. "అమ్మ నవ్వితే ముక్కు పట్టుకునేది కదా నాన్నా."

గవర్రాజు ఊఁ అన్నాడు గానీ, ఏదీ కనబడలేదు. మర్నాడు దరఖాస్తు రాశాడు.

"పదో అంతస్తులో ఉంది బాబాయ్ గారూ," అంది కౌంటరులోని సత్యవేణి, రిజిస్టరు చూసి.

"అంత లోతుకి ఎలా పోయిందమ్మా?"

"మీరే పంపారు. ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా అడిగారా?"

"ఎక్కడికి పోద్దిలే అనుకున్నాను."

"అందరూ అలాగే అనుకుంటారు."

లిఫ్టు పైనుంచి అట్టడుగుదాకా వెళ్లి, దారిలో ఉన్న దరఖాస్తులన్నీ ఏరుకుని గానీ పైకి రాదు. ఎవరు ముందు అడిగారన్నది దానికి పట్టదు. తొమ్మిదో రోజున నవ్వు వచ్చింది. ఖాళీ మంచం దిగిపోయింది.

గవర్రాజు కుక్కరుకి బస్సు సామానేదో బిగించి బాగుచేసిన రోజు అది. విజిల్ అచ్చం హారన్‌లా మోగింది. వరహాలు ముక్కు పట్టుకుని, నవ్వాపుకోలేక వంటగది నేలమీద కూలబడింది. "డిపోకి తీసుకుపోయి టిక్కెట్లు కొట్టుకో మావా," అంది. గవర్రాజు అది మూడుసార్లు చూశాడు. ఇంటికి నడిచే వెళ్లాడు.

మర్నాడు పదింటికి వచ్చేసరికి కౌంటరు మీద ఆసుపత్రి సిద్ధంగా ఉంది.

"నేనింకా చీటీ రాయలేదమ్మా."

"రాస్తారుగా. రోజూ అడిగేవాళ్లవి ముందే తీసి ఉంచమని ఉత్తర్వు. మీకే కాలయాపన తప్పుతుంది."

"ఇవాళ నవ్వు చూద్దామని వచ్చాను."

"అలాగే చూడండి. దీన్ని లోపల పెట్టేయనా?"

గవర్రాజు దాని వైపు చూశాడు. ఒక్కసారి విని ఇచ్చేద్దామనుకున్నాడు. పిలిచిందేమో. ఇన్నాళ్లూ సరిగా వినలేదేమో.

చేయి చాచాడు.

ఫ్యాను తిరిగింది. గుమ్మం దాటాడు. ఆలోగా పద్ధతి ప్రకారం పక్కవన్నీ వచ్చి చేరాయి. ఉత్తర్వు ప్రకారం ముందే తీయించి ఉంచిన ఖాళీ మంచం కూడా వచ్చింది. దానికి చోటు కావాలి. మిగతావన్నీ ఈరోజువి, నవ్వు ఒక్కటే నిన్నటిది. సత్యవేణి దానిమీద ముద్ర కొట్టి లిఫ్టు బుట్టలో వేసింది.

గవర్రాజు కళ్లు తుడుచుకుని లేచాడు.

"మళ్లీ దరఖాస్తు పెడతారా బాబాయ్ గారూ?"

"దేనికమ్మా?" అన్నాడు గవర్రాజు.

సత్యవేణికి ఈ మాట కొత్త కాదు. "ఏం లేదు లెండి," అని, రేపటి చీటీ మీద అతని పేరు తనే రాసి పెట్టుకుంది. అతని వెనక వరుసలో నలభై మంది, నిన్న రాసిన మాటలే ఇవాళ చీటీల మీద రాసుకుని, తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.