పన్నెండడుగుల ప్రగతి

"వంద రోజుల్లో భూగర్భ జలాలను పది అడుగులు పైకి రప్పిస్తాను" అని మంత్రిగారు సభలో ప్రకటించారు. భూమి విన్నదో లేదో తెలియదు గానీ మా ఆఫీసు మాత్రం విన్నది. నెలకోసారి పరిశీలన బావిలోకి టేపు దించి నీటిమట్టం రాసే ఉద్యోగం నాది.

తొంభయ్యో రోజున టేపు దించాను. నీళ్లు పైకి రాకపోగా ఇంకో ఆరడుగులు కిందికి జారాయి. పక్కనే మంత్రిగారి బావమరిది సీసా నీళ్ల ఫ్యాక్టరీ ఉంది. నాలుగు మోటార్లు ఆగకుండా తోడుతుంటే జారక ఏం చేస్తాయి? ఆ మాటే మా ఆఫీసరుగారితో అన్నాను.

"ఆయన తోడేవి వ్యాపారం నీళ్లయ్యా. మన టార్గెట్ భూగర్భ జలాలు. రెండూ కలపకు. నీ టేపు సరిగ్గానే ఉందా?"

"ఉంది సార్."

"అయితే లోపం బావిలో ఉంది."

బుర్రంటే ఆయనది. అప్పటికప్పుడు తాగునీళ్ల ట్యాంకరొకటి తెప్పించి బావిలో పోయించారు. నేల ఎన్నాళ్ల దాహంతో ఉందో, గంటలో తాగేసింది. ఆయన అధైర్యపడలేదు. "కొలవడానికి పది నిమిషాల ముందు పోయండి" అని విధానం సవరించారు.

నూరో రోజున మంత్రిగారి ఎదుట టేపు దించాను. పన్నెండడుగులు పెరిగింది. రెండడుగులు అదనంగా పెరిగినందుకు మంత్రిగారు భూమిని అభినందించి, నాకో ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ ట్యాంకరు మా వీధిదని ఇంటికి వెళ్లాక తెలిసింది. ఖాళీ బిందెల మధ్య కూర్చున్న మా ఆవిడకు పత్రం చూపించాను.

"దీన్ని పిండితే ఎన్ని గ్లాసులొస్తాయండీ?" అంది.

నాకు సిగ్గేసింది. పత్రం మడిచి బీరువాలో పెట్టాను.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. నీటిమట్టం పెరిగినందున మా ప్రాంతానికి ట్యాంకర్లు రద్దు. ఒక్కటి మాత్రం ఉంచారు. అది నెలకోసారి పరిశీలన బావికి వస్తుంది.

మొన్న కొలిచే రోజున మా ఆవిడ రెండు బిందెలతో నా వెనకే వచ్చింది. డ్రైవర్ పైపు విప్పగానే దాని కింద బిందె పెట్టబోయింది. అతను మర్యాదస్తుడు. బిందెను మెల్లగా పక్కకు జరిపాడు.

"ఏమనుకోకమ్మా. ఇవి తాగే నీళ్లు కావు, కొలిచే నీళ్లు."

ఆవిడ నావైపు చూసింది. నేను టేపు దించాను.