దొర లేని కచ్చురం

ఆ రోజు పొద్దున మైసయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంత జొన్న గట్క తిని, పక్కింటి గుర్వయ్య ఎడ్లను అడిగి తెచ్చుకుని, దొర కచ్చురాన్ని తిరుమలగిరి మిలటరీ క్యాంపులో అప్పజెప్పి, పొద్దు గూకేలోపు తిరిగొచ్చి తన జొన్నచేలో పిట్టలను తోలుకోవాలి. అంతే. ఇంత చిన్న పథకంలో మూడు ఊళ్లు మునిగిపోతాయని ఎవరు మాత్రం అనుకుంటారు?

కచ్చురం అంటే దొరలు ఎక్కి తిరిగే గూడుబండి. టేకు చెక్క, ఇత్తడి పువ్వులు, లోపల దూది పరుపు, వెనక ఎర్రటి తెర, ఇరుసుకు గంటలు. దాని ముందు పదేళ్లు పరుగెత్తినవాడు మైసయ్య. దొర ఏ ఊరికి కదిలినా "దొరొస్తుండు, లేవుండ్రి!" అని అరుస్తూ బండికి ముందు ఉరకడం అతని ఇంటికి వచ్చిన వెట్టి. గంటల చప్పుడు వినపడితే చాలు, దారి పక్క జనం రుమాలు తీసి, చెప్పులు విడిచి, నేల చూస్తూ నిలబడాలి. తెర వైపు తల ఎత్తినవాడి వీపు పగిలేది.

తరవాత కమ్యూనిస్టుల సంగం వచ్చింది, దొర పట్నం పారిపోయాడు. దొర ఉండే గడీలో సామాను పంచిన రోజు మైసయ్య అలవాటు కొద్దీ అందరికంటే వెనక నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి గింజలు, గిన్నెలు, మంచాలు అయిపోయి ఎడ్లు లేని కచ్చురం ఒక్కటి మిగిలింది. దానికి అతను బాధపడలేదు. ఎందుకంటే సంగం అతనికి రెండెకరాల చెలక భూమి కూడా ఇచ్చింది. నలభై ఏళ్ల బతుకులో తనదని చెప్పుకోవడానికి దొరికిన మొదటి వస్తువు అది. ఈ ఏడు జొన్న కంకి పాలు పోసుకుంటోంది. పని ఉన్నా లేకున్నా రోజూ పొద్దున్నే వెళ్లి గట్టు మీద కాసేపు నిలబడి వచ్చేవాడు.

ఇప్పుడు నిజాం రాజ్యం పోయి యూనియన్ సైన్యం దిగింది. గడీ సామాను ఎవరింట్లో దొరికితే వాళ్లను కమ్యూనిస్టులని కొడుతున్నారు, సంగం ఇచ్చిన భూమి కూడా గుంజుకుంటున్నారు. పక్క ఊళ్లో ఇత్తడి చెంబు దొరికినందుకే ఒకతని చెయ్యి విరిగింది. చెంబునైతే పాతిపెట్టవచ్చు. కచ్చురాన్ని ఎక్కడ పాతిపెట్టాలి? అడగకముందే తెచ్చి ఇచ్చినవాడి చెలక జోలికి రారని మైసయ్య ఆశ.

ఎడ్లను కట్టబోతుంటే పెళ్లాం బిక్షమ్మ అడ్డం వచ్చింది.

"ఏందయ్యా, లోపల కోడి పొదుగుతాంది. ఇయ్యాలనో రేపో పిల్లలైతయి. గిప్పుడు కదిలిస్తే గుడ్లన్ని మురుగుతయి."

"దొర పరుపు మీదనే పొదగాల్నా దానికి?"

"మనింట్ల గింత మెత్తటి జాగా ఇంకేడున్నది?"

చివరికి బిక్షమ్మే కోడి పక్కన కూర్చుంది. పిల్లలు దారిలో అయితే కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చని ఆమె ఆలోచన. వెలుతురు చూస్తే కోడి లేచిపోతుందని తెర దించేసింది.

గుర్వయ్య ఎడ్లు దుక్కి ఎడ్లు. గంటల చప్పుడు ఎరగవు. ముందు మనిషి ఉంటే తప్ప కదలమన్నాయి. మైసయ్య పగ్గం పట్టుకుని ముందు నడిచాడు. గంటలు మోగాయి, ఎడ్లు బెదిరి ఉరికాయి, వాటి కొమ్ములకు దొరకకుండా అతనూ ఉరికాడు. దూరం నుంచి చూసేవాళ్లకు ఏం కనపడింది? దొర కచ్చురం, దించిన తెర, ముందు పరుగెత్తే మైసయ్య.

మొదటి ఊరు బొల్లికుంట. అక్కడి పోలీసు పటేలు రామచంద్రయ్య సంగం వచ్చినప్పుడు ఎర్ర రుమాలు చుట్టి, మిలటరీ వచ్చాక తెల్ల టోపీ పెట్టిన మనిషి. ఈ రెంటి మధ్యలో దొర మామిడి తోటను తన పేరు మీదికి లాక్కున్నాడు. గంటలు వినగానే పళ్లు తోముకుంటున్న వేపపుల్ల పారేసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు.

"ఏమిరా మైసిగా, దొర ఎప్పుడొచ్చిండు?" అన్నాడు గుసగుసగా.

"దొర లేడు పటేలా. ఉత్త బండి. క్యాంపుల ఇచ్చి రావోతున్న."

"సమజైంది. ఎవరడిగినా గట్లనే చెప్పుమన్నడు గదా?"

"నీ బాంచెను, నిజంగ లేడు!"

"మంచిగ చెప్తున్నవు. నాకు దప్ప అందరికి గిట్లనే చెప్పు."

లోపల కోడి గుర్రుమంది. పటేలు నడుము దానంతటదే వంగింది. "ఏమంటుండు?"

"ఎవరేమన్లే పటేలా."

"ఏమనకపోతేనే నాకు భయం."

తెర ఎత్తి చూపిస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది. మైసయ్య చెయ్యి తెర దాకా వెళ్లి ఆగిపోయింది. దొర పరుపు మీద వెట్టివాడి పెళ్లాం కూర్చున్నదని పటేలు చూస్తే ఆమె ఒంటి మీద తోలుండదు. పటేలు ఇంట్లోంచి తెప్పించి, తెర కింది నుంచి నేతి కుండ తోశాడు. ఒక గుమ్మడికాయ తోశాడు. ఏం చెయ్యాలో తోచక బిక్షమ్మ అందినదాన్నల్లా లోపలికి లాక్కుంది. దొర కానుక తీసుకున్నాడని పటేలుకు ప్రాణం లేచి వచ్చింది.

"దొరా, తోటకు నేను కావలున్న గంతే. ఒక్క కాయ నోట్ల వెడితే ఒట్టు!" అని తెరకు చెప్పుకుని, దొరొచ్చాడని ఊరంతా దండోరా వేయించాడు.

చెలకల్లో ఉన్నవాళ్లు కొడవళ్లు పారేసి వచ్చారు. సంగం పంచిన భూమి దున్నుకుంటున్న బీదలు, మైసయ్యలాంటివాళ్లే, ఎర్ర తెర ముందు చేతులు కట్టుకుని "మీ భూమి మీకే దొరా, మమ్ముల కొట్టకుండ్రి" అని ఏడ్చారు. వాళ్లు వదిలేస్తున్న ఒక్కో చెలకలో మైసయ్యకు తన జొన్న కనపడింది.

అక్కడి నుంచి బండి వెనక పటేలు, అతని వెనక జనం నడిచారు. తరవాతి ఊరికి బండికంటే ముందే వార్త చేరింది. దారి పక్క కూర్చున్నవాళ్లను చూసి ఇక లాభం లేదని మైసయ్య గొంతెత్తాడు.

"దొర లేడు! లేవకుండ్రి!"

అందరూ లేచి నిలబడ్డారు. గంటలతో కలిసి ఆ గొంతు వినపడితే లేవడం వాళ్ల కాళ్లకు పదేళ్ల అలవాటు. ఆ గొంతు ఏమంటోందో ఏనాడూ ఎవరూ వినలేదు.

తిరుమలగిరి చేరేసరికి వెనక నలభై మంది. క్యాంపులో జమేదారు ఉత్తరాది నుంచి వచ్చినవాడు. అతనూ సలాము కొట్టి, దొర దిగుతాడని నిలబడ్డాడు. ఎంతసేపటికీ ఎవరూ దిగలేదు. ఇక్కడి మర్యాదలు తెలియనివాడు గనక, నలభై మందిలో ఎవరూ చెయ్యని పని అతను చేశాడు. తెర ఎత్తాడు.

లోపల ఒళ్లో గుమ్మడికాయ, పక్కన నేతి కుండ, చుట్టూ తొమ్మిది కోడిపిల్లలతో బిక్షమ్మ.

"దొర లేడని మా ఆయిన పొద్దటి సంది మొత్తుకుంటనే ఉన్నడు," అందామె.

నలభై మంది ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు. అక్కడ ఉర్దూ వచ్చినవాడు పటేలు ఒక్కడే. పొద్దుటి నుంచి ఒక పెట్టకోడికి మొక్కుతూ వచ్చానని చెప్పుకునే ధైర్యం అతనికి లేదు. అందుకని జమేదారుకు చాలాసేపు ఏదో చెప్పాడు. జమేదారు నవ్వాడు. కాగితం మీద రాసుకున్నాడు. ఇక తన వీపు మీద పడుతుందని కళ్లు మూసుకున్న మైసయ్య భుజం తట్టి "శాబాష్" అన్నాడు.

కచ్చురం, కుండ, గుమ్మడికాయ క్యాంపులో ఉండిపోయాయి. కోడిని వంటవాడు పట్టుకుపోయాడు. పిల్లలను కొంగులో వేసుకుని బిక్షమ్మ, ఎడ్లను తోలుకుంటూ మైసయ్య ఇంటిదారి పట్టారు.

"ఇగ మన చెలక జోలికెవడు రాడే," అన్నాడతను. చాలా రోజుల తరవాత ఆ పూట అతను నవ్వాడు.

ఆ కాగితంలో ఏముందో పది రోజులకు పట్నం పోయొచ్చిన గుర్వయ్య చెప్పాడు. మూడు ఊళ్ల రైతులు తమంతట తాము దొర ఆస్తి ఒప్పజెప్పారని, కానుకలు మోసుకొచ్చి, కచ్చురం ముందు లేచి నిలబడి, దొర మళ్లీ రావాలని చేతులు జోడించి అడిగారని అందులో ఉందట. ప్రాణభయంతో దొర అప్పటికి ఊరి ఆశ వదులుకుని, భూములు వచ్చిన ధరకు అమ్మేసి పట్నంలోనే ఉండిపోదామని బేరాలు పెట్టుకున్నాడట. క్యాంపు నుంచి వచ్చిన ఆ కాగితం చూసి బేరాలు మానుకున్నాడట.

"ఉత్త బండికే లేచి నిలబడ్డరా?" అని రెండుసార్లు అడిగాడట.

బిక్షమ్మ మొగుణ్ని తిట్టలేదు. తిడితేనే బాగుండేది.

"బండి ఇయ్యవోయి దొరను దెచ్చినం గదయ్యా," అంది చివరికి.

దొర వచ్చాడు. వెనక మిలటరీ వచ్చింది, క్యాంపులోని కచ్చురం గడీకి చేరింది. పటేలు మామిడి తోట మాత్రం, ఆ కాగితం రాయించినందుకు మెప్పుగా, పటేలుకే ఉండిపోయింది. మైసయ్య జొన్న గట్టిపడేదాకా కూడా ఆగలేదు. గడీ మనుషులు కోసుకుపోయారు. ఆ రోజు అతను గట్టు మీద నిలబడడానికి వెళ్లి, నిలబడలేక కూలబడి, ముసలివాడిలా ఏడ్చాడు.

మర్నాడు గడీ నుంచి కబురు వచ్చింది. దొర ఊళ్లన్నీ చూడబోతున్నాడు, బండి ముందుకు మైసిగాడు రావాలి.

గంటలు మోగాయి. మైసయ్య ఉరికాడు. బొల్లికుంటలో జనం రుమాలు తీసి, చెప్పులు విడిచి, నేల చూస్తూ లేచి నిలబడ్డారు. ఈసారి తెర వెనక నిజంగానే దొర ఉన్నాడు. ఎవరూ తల ఎత్తలేదు గనక ఆ తేడా ఎవరికీ తెలియలేదు.