నాలుగు యుద్ధాల తర్వాత వైద్యం

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, ఆ తర్వాత చాలాకాలం ఊరికే కూర్చుని, చివరికి చరిత్ర పఠన క్రమ ఉత్తర్వు కనిపెట్టాడు. మొదటి రెండూ లేకపోయినా ఎలాగో బతకవచ్చు. మూడోది లేకపోతే ఎవరు పడితే వాళ్లు గ్రంథాలయానికి వచ్చి ఏ పుస్తకం పడితే ఆ పుస్తకం చదివేస్తారు.

ఉత్తర్వులో చిక్కేమీ లేదు. చరిత్ర ఏ వరుసలో జరిగిందో పాఠకులు ఆ వరుసలోనే చదవాలి. (ఫలితం ముందే తెలిసిపోతే పాఠకుడు కారణాలను చిన్నచూపు చూస్తాడని వరుసల విభాగం సంచాలకులు కనుగొన్నారు. నిష్పాక్షికత కోసం ఆయన ఏ పుస్తకమూ చదవరట.) మా శాఖా గ్రంథాలయంలో చరిత్ర బీరువాలో ఐదు పుస్తకాలున్నాయి. నాలుగు ఏదో దేశపు అంతర్యుద్ధంలో జరిగిన పోరాటాల గురించి, ఒక్కొక్కటీ ఇటుకంత. ఐదోది వైద్యంలో గొప్ప ఆవిష్కరణల గురించి, పల్చటిది. గాయం ముందు, కట్టు తర్వాత. అందుచేత వైద్యానికి ఐదో స్థానం ఇచ్చారు.

అక్కకు కావలసింది ఆ ఐదోదే. నర్సు శిక్షణకు పెట్టే ప్రవేశ పరీక్షలో వైద్య చరిత్ర మీద మూడు ప్రశ్నలుంటాయి. ఆ పుస్తకం చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. వచ్చే ఏడాదికి అక్క వయసు దాటిపోతుంది కనుక ఇదే ఆఖరి అవకాశం. వీధిలో ఎవరి వేలు తెగినా మా గుమ్మం దగ్గరకే వస్తారు. అక్క కట్టిన కట్టు మూడు స్నానాలకు కూడా ఊడదు. (దరఖాస్తులో ఈ సంగతి రాయడానికి గడి లేదు.)

పరీక్ష ఇరవై రోజులుందనగా వెళ్లాం. నేను పక్కన నిలబడ్డాను. మా ఇంట్లో మాట్లాడటం అక్క శాఖ.

"ఐదోది ఇవ్వండి సార్," అంది అక్క.

గ్రంథపాలకుడు ఎండిపోయిన స్టాంపు ప్యాడ్ మీద రెండు చుక్కల నీళ్లు చల్లి, "యుద్ధం అయిందా?" అన్నాడు.

"లేదు సార్. నాది నర్సు పరీక్ష."

"మరి దెబ్బలేంటో తెలీకుండా కట్లెలా కడతావు తల్లీ? నిన్ను ఆపడం నాకేమన్నా సరదానా? మొదటి భాగం పట్టుకెళ్లు."

అక్క మొదటి భాగం రెండు రోజుల్లో, రెండో భాగం మూడు రోజుల్లో ముగించింది. పళ్లు తోముకుంటూ ఒక కోట పట్టుకుంది, బట్టలు ఉతుకుతూ ఇంకోటి పోగొట్టుకుంది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు మౌఖిక పరీక్ష ఉంటుంది.

"కొండ కింద పోరులో గాయపడ్డవాళ్లు ఎంతమంది?"

"పదకొండు వందల నలభై మంది సార్."

"ఎక్కువగా ఏ వైపు?"

"ఎడమ వైపు. ఎండ కళ్లలో పడింది."

"శభాష్," అని ఆయన ముద్ర వేశాడు. కాగితం మీద గుండ్రంగా తడి పడింది.

మూడో భాగం మాత్రం బీరువాలో లేదు. నాలుగేళ్లుగా అది రిటైరైన సర్వేయరుగారింట్లో ఉంది. దాన్ని వెనక్కి తెప్పించే వీలు లేదు. పోరాటం మధ్యలో పుస్తకం లాక్కుంటే పాఠకుణ్ణి ఓడించినట్టవుతుందని తొమ్మిదో నిబంధన చెబుతోంది.

మేం వెళ్లేసరికి సర్వేయరుగారు వరండాలో గళ్ల కాగితం పరుచుకుని, స్కేలు పెట్టి గుర్రపు దళాన్ని గీస్తున్నారు. చదివిన ప్రతి పేరాకూ కొలతలతో పటం వేస్తే గానీ ఆయన ముందుకు కదలరు. ఉద్యోగం వదిలినా చెయ్యి వదల్లేదు.

"తాతగారూ, ఆ పుస్తకం కాస్త ఇస్తారా? పరీక్ష దగ్గరికొచ్చేసింది," అంది అక్క.

"ఎందుకివ్వనమ్మా? ఈ వంతెన ఒక్కటీ దాటనీ."

"ఎప్పటికి దాటుతారు?"

"సేనాపతికే తెలీదు, నాకేం తెలుసు? ఏరు పొంగి ఉంది."

"అది ఎప్పటిదో ఏరు కదా తాతగారూ. ఈపాటికి తగ్గే ఉంటుంది."

"తగ్గితే పుస్తకంలో రాసేవాడు కదమ్మా."

లోపలినుంచి వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చి, "ఈయన వంతెన దాటేలోగా నాకు రెండు కళ్లకీ ఆపరేషన్లయ్యాయి. మీరు కూర్చోండి, నిలబడితే ఏం లాభం," అంది.

నాలుగు రోజులు వరసగా వెళ్లి కూర్చున్నాం. నాలుగో రోజుకు ఒక ఫిరంగి బండి వంతెన మీదకు ఎక్కింది. అయిదో రోజు, వంతెన వెడల్పు లెక్క తప్పిందని, బండిని రబ్బరుతో చెరిపేశారు.

అప్పుడు గ్రంథపాలకుడికే జాలి వేసి, సొరుగులోంచి ఉత్తర్వు తీసి, వేలితో వెతికి, పదిహేడో నిబంధన చూపించాడు. వైద్య అవసరం ఉన్నవారికి వరుసతో పని లేదు. డాక్టరు చీటీ తెస్తే చాలు.

ఆరోగ్య కేంద్రంలో మా వంతు వచ్చేసరికి డాక్టరమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"ఏంటి బాధ?"

"పరీక్ష మేడం."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు నెలల నుంచి."

"నిద్ర పడుతోందా?"

"పడుతోంది, కానీ కలలో ఫిరంగులు వస్తున్నాయి."

డాక్టరమ్మ మొదటిసారి తల ఎత్తి, సంగతంతా విని, చీటీ రాసింది. వైద్య ఆవిష్కరణల పుస్తకం, ఉదయం ఒక అధ్యాయం, సాయంత్రం ఒక అధ్యాయం, భోజనం తర్వాత, ఐదు రోజులు. (మంచి డాక్టరు. మాకంటే వెనక ఇంకా అరవై మంది ఉన్నారు.)

గ్రంథపాలకుడు చీటీని కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ. పుస్తకం తీశాడు. అక్క చెయ్యి చాపింది. ఆయన ఇవ్వబోయి ఆగాడు.

"చీటీ మీద ఇస్తున్నాను కాబట్టి ఇది ఇప్పుడు మందు కింద లెక్క. మందు ఇచ్చేముందు గడువు చూడాలి." అట్ట తిప్పాడు. అచ్చయి పంతొమ్మిదేళ్లయింది. "అయ్యో, ఇది ఎప్పుడో చెడిపోయిందమ్మా."

"పుస్తకం చెడిపోవడమేంటి సార్?"

"మందుకు గడువు మూడేళ్లే. అది దాటినది నీ చేతికిచ్చి, రేపు నీకేదన్నా అయితే? మీ నాన్నకి నేనేం చెప్పుకోను?"

"పోనీ మళ్లీ పుస్తకం చేసెయ్యండి."

"మందు కావడానికి నిబంధన ఉంది. తిరిగి పుస్తకం కావడానికి లేదు."

గడువు దాటిన మందును ఏం చేయాలో మాత్రం స్పష్టంగా ఉంది. మర్నాడు ఆరోగ్య కేంద్రం వెనక కాంపౌండరు గొయ్యి తవ్వించి, సున్నం తెప్పించాడు. ఇద్దరు సాక్షులు కావాలంటే ఎవరూ దొరకలేదు. మేం ఎలాగూ అక్కడే ఉన్నాం. సున్నం కలిపేలోగా ఒక్కసారి చూసి ఇచ్చేస్తానని అక్క బతిమాలింది.

"చదివితే వాడినట్టేనమ్మా. సాక్షులు వాడకూడదు," అన్నాడు కాంపౌండరు.

ఆయన మాత్రం, పారేసేది ఇదేనా కాదా అని సరిచూసుకునే బాధ్యత ఉంది కనుక, పుస్తకం తెరిచాడు. ఆయన భుజం మీదుగా మాకు విషయసూచిక కనిపించింది. చేతులు కడుక్కుంటే ప్రాణాలు నిలుస్తాయని మొదట గ్రహించినవాళ్ల గురించి నలభై ఒకటో పేజీలో ఉంది. ఆయన ఆ పేజీ తీసి, నిలబడే అంతా చదివి, "చాలా బాగా రాశాడు," అని గోతిలో వేశాడు. సున్నం చల్లి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, లోపలికి ఇంజెక్షన్లు ఇవ్వడానికి వెళ్లిపోయాడు. అక్క సంతకం చేసింది. దాని కింద నేనూ చేశాను.

పరీక్షలో మొదటి ప్రశ్న చేతులు కడుక్కోవడం గురించే వచ్చింది. అక్క తనకు తెలిసినంతా రాసింది: "ఇది నలభై ఒకటో పేజీలో ఉంది." మిగతా రెండు ప్రశ్నలకు ఖాళీ కాగితం ఇవ్వడం ఇష్టంలేక, కొండ కింద పోరు మొత్తం రాసింది. ఎవరికి ఎక్కడ తగిలింది, ఎన్ని గంటలు దాహంతో పడున్నారు, కట్టు కట్టేవాళ్లు ఏ దారిలో వస్తే అందుకోగలిగేవాళ్లు, అన్నీ రాసింది. ఆ చివరిది పుస్తకంలో లేదు, తను ఆలోచించి పెట్టింది.

నెల తర్వాత ఆరోగ్యశాఖ నుంచి కవరు వచ్చింది. అక్క చింపి, నాన్నకు పైకి చదివి వినిపించింది.

"అభ్యర్థినికి మనుషులు ఎన్ని రకాలుగా దెబ్బతింటారో సంపూర్ణంగా తెలుసు. ఎలా కోలుకుంటారో పుస్తక ప్రమాణంగా ఒక్క ముక్క తెలియదు. కనుక నర్సు శిక్షణకు అనర్హురాలు. అయితే ఈ శాఖ ప్రధాన కార్యాలయంలో అధికారిగా చేరడానికి ఆమెకు అర్హతలన్నీ ఉన్నాయి."