మూడో అంతస్తు వ్యవహారం

ఆ ఉదయం కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కింద బజారులో కూరగాయలు కొనాలి, లిఫ్టు లేని ఆ భవనంలో ఐదో అంతస్తు దాకా ఎక్కాలి, మధ్యలో ఆగిన సంగతి ఎవరి కంటా పడకుండా ఇంట్లోకి వెళ్ళిపోవాలి. అంతే. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుతాడు కాబట్టి భవనంలో అందరూ ఆయన్ని కళ్ళజోళ్ళాయన అనే అంటారు.

విషయమేమిటంటే, కొన్నాళ్ళుగా మూడో అంతస్తు చేరేసరికి రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు ఉంటోంది. నొప్పి ఎడమ చేతిలోకి, దవడలోకి పాకుతుంది. కాసేపు నిలబడితే తగ్గుతుంది. తగ్గింది కదా, గ్యాసే అయ్యుంటుందని తనకి తానే సర్దిచెప్పుకునేవాడు. గ్యాసు కాదని ఆయనకీ తెలుసు. వాళ్ళ అన్నయ్య గుండెల్లో నొప్పంటూ తన కాళ్ళ మీద తాను ఆసుపత్రికి వెళ్ళాడు. మర్నాడు నలుగురు మోసుకొచ్చారు. నొప్పి మొదలైన ఎన్నాళ్ళకి వెళ్ళాడన్నది మాత్రం ఈయన ఆలోచించలేదు. అప్పట్నుంచీ జబ్బు కన్నా ఆసుపత్రి అంటేనే హడల్. ఆసుపత్రి ఉన్న వీధిలోంచి వెళ్ళాల్సొస్తుందని చుట్టూ తిరిగి దుకాణానికి పోయేంత హడల్.

ఆ రోజు సంచీ బరువెక్కువైంది. మూడో అంతస్తులో దర్జీ ఆవిడ గుమ్మానికి ఆనుకుని, గుండె మీద చెయ్యేసుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ భర్త పోయాక ఒంటరిగా ఉంటూ ఇంట్లోనే మిషను కుట్టుకుంటోంది. సరిగ్గా అప్పుడే ఎదుటి తలుపు తెరుచుకుంది. పదవీ విరమణ చేసిన మాస్టారు. భవనంలో ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు అన్నదే ఇప్పుడాయన ఉద్యోగం.

"ఏంటయ్యా, ఇక్కడ నిలబడ్డావ్?"

"అదీ... మా ఆవిడకి జాకెట్టు కుట్టించాలండీ."

నోటికొచ్చింది అనేశాడు మహానుభావుడు. సాయంత్రానికల్లా మాస్టారు ఆ ముక్క కళ్ళజోళ్ళాయన భార్య చెవిన వేశాడు. పెళ్ళయింది మొదలు మొగుడు తనంతట తాను జేబురుమాలు కూడా కొనిచ్చి ఎరగడు. ఆవిడ పొంగిపోయింది. నాలుగు రోజులు ఓపిక పట్టి, ఆపైన అడిగేసింది.

"ఏమండీ, నా జాకెట్టేదీ?"

ఆయన తెల్లమొహం వేశాడు. ఇక కుట్టించక తప్పదు. గుడ్డ కొన్నాడు. కొలత కోసం బీరువాలోంచి ఆవిడ పాత జాకెట్టు ఒకటి చడీచప్పుడు లేకుండా పట్టుకుపోయి దర్జీ ఆవిడకిచ్చాడు. పోనీలే, ఇదీ మంచికే అనుకున్నాడు. మూడో అంతస్తులో ఆగడానికి ఓ సాకు దొరికింది. రోజూ ఆగి, నొప్పి తగ్గేదాకా నిలబడి, "అయిందాండీ?" అని అడిగి పైకెళ్ళేవాడు.

మాస్టారు ఊరుకుంటాడా? ఓ రోజు ఆయన లేని సమయం చూసి ఐదో అంతస్తుకి వచ్చాడు.

"చెప్పకూడదనే అనుకున్నానమ్మా. రోజూ అక్కడే నిలబడుతున్నాడు. చెయ్యేమో గుండె మీద. ఒళ్ళంతా చెమట. కళ్ళు మూసుకుని ఒకటే నిట్టూర్పులు. ఇది ఏ రోగమో నేను చెప్పాలా?"

లక్షణాలన్నీ అక్షరాలా నిజం. రోగం పేరే తప్పు. ఆవిడ వాటికి తన దగ్గరున్నవి కూడా కలిపింది. రాత్రిపూట సగం అన్నం వదిలేస్తున్నాడు. పక్క మీద దొర్లుతున్నాడు. కలిసి మెట్లెక్కుదామంటే "నువ్వు పద, నేనొస్తా" అంటున్నాడు. అనుమానంతో బీరువా తీస్తే పాత జాకెట్టు మాయం. అయిపోయింది, కొంప మునిగిందనుకుని తమ్ముడికి కబురు పెట్టింది.

తమ్ముడు వస్తూనే చొక్కా చేతులు మడిచాడు. "బావా, నిజం చెప్పు. ఆవిడంటే ఇష్టమా?"

"ఛీ ఛీ, అదేం లేదు."

"మరి గుండె పట్టుకుని అక్కడెందుకు నిలబడుతున్నావ్?"

భార్య కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. "ఒంట్లో బాలేదా? అదైనా చెప్పండి. ఆటో పిలుస్తా, ఇప్పుడే ఆసుపత్రికి పోదాం."

ఆసుపత్రి మాట వినగానే ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. తెల్ల దుప్పటి కింద అన్నయ్య మొహం కళ్ళముందు మెదిలింది.

"ఇష్టమే," అన్నాడు.

ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా కిందికి దిగిపోయింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఎంత పని చేశాను, ఎంత పాపిష్టి మాటన్నాను అని కుమిలిపోతుండగా నొప్పి వచ్చింది. మెట్లెక్కలేదు, బరువు మొయ్యలేదు, అయినా వచ్చింది. వచ్చింది పోలేదు.

"బామ్మర్దీ... కాస్త మంచినీళ్ళు..."

"ఏం, చెమటలు పడుతున్నాయా? పట్టవూ మరి! ముందు మా అక్క కాళ్ళు పట్టుకో, తర్వాత తాగుదువు గానీ."

అంతలో మెట్ల మీద పరుగులు. భార్య, ఆ వెనకే మెడలో కొలతల టేపుతో దర్జీ ఆవిడ. ఎవరితో తగువు పెట్టుకోవడానికి వెళ్ళిందో ఆ మనిషినే వెంటబెట్టుకుని వచ్చేసింది.

"ప్రేమా లేదు గీమా లేదమ్మా," అంటోంది దర్జీ ఆవిడ రొప్పుతూ. "మీ ఆయన నా మొహం కూడా సరిగ్గా చూళ్ళేదు. ఏమైందండీ అని అడిగితే జాకెట్టు సంగతి ఎత్తేవాడు. మా ఆయనా ఇలాగే మెట్ల మీద ఆగేవాడు. గ్యాసు, గ్యాసు అంటూనే పోయాడు. అయ్యో, ఆ రంగు చూడండి! అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!"

నడవనివ్వకుండా కుర్చీతో సహా ఐదంతస్తులూ దించారు. బావమరిది ఏడుస్తూ ఓ పక్క పట్టుకున్నాడు. మాస్టారు ముందు నడుస్తూ "తప్పుకోండి, తప్పుకోండి" అన్నాడు కానీ ఎవరి మొహం వైపూ చూడలేదు. "గ్యాసే..." అంటూనే ఉన్నాడు కుర్చీలో ఆయన.

పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి డాక్టరు బయటికొచ్చింది.

"మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే నొప్పి గుండె చేసే హెచ్చరికమ్మా. అప్పుడే తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా రాకపోను. కూర్చున్నా తగ్గని నొప్పి వచ్చాక ఒక్క క్షణం కూడా ఆగకూడదు. గుండె కండరం కొంత చచ్చిపోయింది. అది మళ్ళీ రాదు."

"బతుకుతారా?"

"బతుకుతారు. ఇదివరకటిలా మాత్రం కాదు. ఆ మెట్లు మర్చిపోండి, దుకాణం సంగతి కూడా తర్వాత చూద్దాం."

మర్నాడు ఆవిడ మంచం పక్కన కూర్చుంది. ఒక్క రోజులో మొగుడు పదేళ్ళు పెద్దవాడైపోయాడు.

"ఆవిడంటే ఇష్టమన్నారే..."

"అబద్ధం."

"నా మీద ఒట్టేసి చెప్పండి."

"నీ మీదొట్టు. ఆసుపత్రికి తీసుకొస్తావని భయపడి అన్నాను. క్షమించవే."

ఆవిడ చేతుల్లో మొహం దాచుకుని భోరుమంది.

"అదే నిజమైతే ఎంత బాగుండేదండీ! తిట్టుకుంటూ, కొట్టుకుంటూ నిక్షేపంగా ఉండేవాళ్ళం!"

మొగుడికి పరాయి ఆడదాని మీద మనసు లేదని రుజువైనందుకు అంతగా ఏడ్చిన ఇల్లాలిని ఆ వార్డు నర్సులు అంతకుముందెన్నడూ చూడలేదు.